రాయి, సున్నం, సిమెంటు: ఒక నిర్వచనానికి ప్రతిపద వ్యాఖ్యానం

మూలం

రూపం, పరిమాణం, స్థితి మాత్రమే మారి, కొత్త పదార్థం ఏర్పడకపోతే అది భౌతిక మార్పు. ఇది సాధారణంగా తాత్కాలికం, వెనక్కి మళ్లించదగినది. వేరే ధర్మాలు గల కొత్త పదార్థం ఏర్పడితే అది రసాయన మార్పు. ఇది సాధారణంగా శాశ్వతం. రంగు మారడం, వాయువు వెలువడడం, వేడి పుట్టడం దీని గుర్తులు.

అవతారిక

బడిలో చెప్పే నిర్వచనాల సారమంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది. పిల్లలు దీన్ని కంఠతా పట్టి, మంచు కరగడాన్ని ఒక గడిలో, కాగితం కాలడాన్ని ఇంకో గడిలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ రెండు ఉదాహరణలు దాటి బయటికొస్తేనే చిక్కు మొదలవుతుంది. తెలంగాణలోని కోదాడ నుంచి దక్షిణంగా కృష్ణా నది వైపు వెళ్తే మేళ్లచెర్వు, చింతలపాలెం, మఠంపల్లి. అక్కడంతా సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్తే వరుసగా రైస్ మిల్లులు. ఈ రెండు వ్యాపారాలూ పదార్థాన్ని మార్చడం మీదే నడుస్తున్నాయి. ఏ మార్పు ఏ జాతిదో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్షాస్థలం దొరకదు. అందుకే ఈ వ్యాఖ్యానానికి ఉదాహరణలన్నీ ఇక్కడి నుంచే.

ముందే ఒక మాట. నిర్వచనంలో ఎన్ని పదాలున్నా తీర్పు చెప్పేది ఒక్కటే, ‘కొత్త పదార్థం’. మిగిలినవన్నీ సాక్షులు. సాక్షి నిజం చెప్పవచ్చు, పొరబడవచ్చు. ఎవరిని ఎంతవరకు నమ్మాలో చూడడమే ఈ వ్యాఖ్య పని.

రూపం, పరిమాణం

గనిలో రాతికి రంధ్రాలు వేసి, మందు కూరి పేలుస్తారు. ఆ క్షణంలో రెండు జాతుల మార్పులూ ఒకేసారి జరుగుతాయి. అమ్మోనియం నైట్రేటు, డీజిల్ కలిసిన మందు నత్రజనిగా, కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా మారిపోతుంది. పేల్చాక మందు అనేదే మిగలదు కాబట్టి అది రసాయన మార్పు. ఆ వాయువుల తోపుడుకు పక్కనున్న రాతిపొర పగిలి బండలవుతుంది. బండలు క్రషర్‌లో పడి కంకరవుతాయి, కంకర మిల్లులో పడి పిండవుతుంది. ఇదంతా భౌతికమే.

పిండి అయ్యాక కూడా అది సున్నపురాయే అని ఎలా చెప్పగలం? పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి చూడాలి. భూగర్భ శాస్త్రవేత్తలు ఫీల్డుకు వెళ్లేటప్పుడు ఈ ఆమ్లం చిన్న సీసాలో వెంట తీసుకెళ్లేది ఇందుకే. బండ మీద వేసినా బుసబుసమని పొంగుతుంది, పిండి మీద వేసినా పొంగుతుంది. ఒక తేడా మాత్రం కనబడుతుంది. బండ మీద నిదానంగా పొంగేది, పిండి మీద గుప్పున పొంగుతుంది. రాయి ముక్కలయ్యే కొద్దీ ఆమ్లానికి తగిలే ఉపరితలం పెరుగుతుంది. పదార్థం మారలేదు, మారడానికి సిద్ధంగా తయారైంది. మిల్లులో అంత కరెంటు ఖర్చుపెట్టి రాతిని పిండి చేసేది ఆ సిద్ధత కోసమే. ముందు జరిగే భౌతిక మార్పు ఎంత బాగా జరిగితే, తర్వాతి రసాయన మార్పు అంత బాగా సాగుతుంది.

స్థితి

ఘనం, ద్రవం, వాయువు. దీనికి ఎక్కువ వ్యాఖ్య అక్కర్లేదు. మిర్యాలగూడ మిల్లు బాయిలర్‌లో నీరు ఆవిరవుతుంది, ఆ ఆవిరి వడ్లకు తగిలి చల్లబడి మళ్లీ నీరవుతుంది. ఏ దశలో చూసినా అది నీరే. ఆ బాయిలర్ కింద మండే ఊక సంగతి వేరు. వడ్ల బరువులో ఐదో వంతు దాకా ఊకే ఉంటుంది. అది కాలి పొగగా, ఆవిరిగా పైకి పోయి, బూడిదగా కిందికి రాలుతుంది. ఒకే ఇనుప గోడకు లోపల భౌతిక మార్పు, బయట రసాయన మార్పు.

గమనించాల్సింది ఒకటే. స్థితి మారిందంటే భౌతికమే అనుకోవడానికి లేదు. సిమెంటు బట్టీ అయిన కిల్న్‌లో 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరుకులో దాదాపు నాలుగో వంతు కరిగి ద్రవమవుతుంది. కరగడం వరకు స్థితి మార్పే. ఆ ద్రవంలోనే సున్నం, ఇసుక భాగం ఒకదాన్ని ఒకటి చేరుకుని కొత్త పదార్థంగా కలిసిపోతాయి. స్థితి మార్పు ఇక్కడ రసాయన మార్పుకు దారి మాత్రమే.

కొత్త పదార్థం

వ్యాఖ్యకు ఆయువుపట్టు ఇక్కడుంది. సున్నపురాయిని కాలిస్తే ఏమవుతుంది? బట్టీలో కాల్చిన రాయి చాలాసార్లు ముక్కలు కాకుండా అదే ఆకారంలో, తెల్లగా బయటికొస్తుంది. రూపం మారలేదు, పరిమాణం పెద్దగా మారలేదు, ఘనం ఘనంగానే ఉంది. మొదటి ముగ్గురు సాక్షులనే నమ్ముకుంటే ఏమీ జరగలేదని రాసుకోవాలి. చేత్తో ఎత్తితే మాత్రం తేలిగ్గా ఉంటుంది.

ఆ తేలికలోనే సంగతంతా ఉంది. సుమారు 900 డిగ్రీల దగ్గర కాల్షియం కార్బొనేటు రెండుగా విడిపోతుంది. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కంటికి కనబడని ఆ 44 కిలోలను పట్టుకోవడానికి మనిషికి తరాలు పట్టింది. స్కాట్లాండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో అచ్చయిన తన ప్రయోగాల్లో తక్కెడనే నమ్ముకున్నాడు. సున్నపురాయి కాలితే బరువు తగ్గుతుందని, తగ్గినదంతా ఒక రకమైన గాలి అని, ఆ గాలిని మళ్లీ సున్నానికి చేర్చి మొదటి పదార్థాన్ని రాబట్టవచ్చని చూపాడు. రాతిలో బిగిసి ఉన్న గాలి కాబట్టి దానికి ‘స్థిర వాయువు’ అని పేరు పెట్టాడు. తర్వాత ఫ్రాన్సులో లావోయిజే మార్పుకు ముందూ తర్వాతా మొత్తం బరువు ఒకటేనని స్థాపించాడు. ఎక్కడ బరువు పోయినట్టు కనిపిస్తుందో, అక్కడ కనబడకుండా పోయినదాన్ని వెతకాలి. ఆ రోజుల నుంచి మార్పును కంటితో కాకుండా తక్కెడతో చూడడం రసాయన శాస్త్రానికి అలవాటైంది.

మన ఫ్యాక్టరీల్లో ఈ విడిపోవడం చాలావరకు దూరం నుంచే కనిపించే ఎత్తైన ప్రీహీటర్ టవర్లోనే జరిగిపోతుంది. ఆ తర్వాత వేడి సరుకు కిల్న్‌లోకి దిగుతుంది. కొద్దిగా వాలుగా పెట్టిన, లోపల ఇటుకలు పేర్చిన, నిదానంగా తిరిగే పొడవాటి ఉక్కు గొట్టం అది. అక్కడ సున్నం, రాతితో పాటు కలిపిన మట్టిలోని సిలికాతో, అల్యూమినాతో, ఇనుముతో కలిసి నాలుగు ముఖ్యమైన కొత్త పదార్థాలవుతుంది. వాటిలో పెద్దది ట్రైకాల్షియం సిలికేటు, దాని తర్వాతిది డైకాల్షియం సిలికేటు. బయటికి వచ్చే నల్లటి గుండ్రటి గడ్డలే క్లింకర్. లోపలికి వెళ్లిన రాయి గానీ, మట్టి గానీ ఆ రూపంలో అందులో లేవు. క్లింకర్‌ను మిల్లులో ఆడించి, 3 నుంచి 5 శాతం జిప్సం కలిపితే సిమెంటు. ఈ ఆడించడం మళ్లీ భౌతికమే. బస్తా మీద ఏ కంపెనీ పేరున్నా లోపలి సరుకు చరిత్ర ఇదే: భౌతికం, రసాయనం, మళ్లీ భౌతికం.

వేరే ధర్మాలు

కొత్త పదార్థం వచ్చిందని తేల్చడానికి తక్కెడ అందరి దగ్గరా ఉండదు. అప్పుడు ధర్మాలను అడగాలి. సున్నపురాయి కృష్ణ నీళ్లలో ఎన్నేళ్లున్నా నీళ్లు వేడెక్కవు. పొడిసున్నం మీద చెంబెడు నీళ్లు పోస్తే సలసల కాగుతుంది, గడ్డ పగిలి పిండవుతుంది. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం. ఒకదాని మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, ఇంకోదాన్ని చేత్తో పట్టుకోవడానికే భయపడాలి. రెండింటి ఆకారం మాత్రం దాదాపు ఒకటే. చూపుకు ఒకేలా ఉండే పదార్థాలు నీటి దగ్గర ఎలా నడుచుకుంటాయో అదే వాటి అసలు గుర్తింపు.

రంగు, వాయువు, వేడి

సాక్షుల్లో ఎక్కువ తడబడేవి ఈ మూడూ.

రంగు: తడిసిన మట్టి నల్లబడుతుంది, ఆరితే మళ్లీ మామూలే. అది భౌతికం. స్లాబ్ కోసం తెచ్చిన ఇనుప చువ్వ వానకు ఎర్రబడితే తుప్పు. అది రసాయనం.

వాయువు: రాతి మీద ఆమ్లం వేస్తే వచ్చే బుడగలు రసాయనం. గిన్నెలో నీళ్లు మరిగేటప్పుడు వచ్చే బుడగలు నీటి ఆవిరే. సోడా మూత తీయగానే పొంగే నురగలోదీ కార్బన్ డయాక్సైడే. ఒత్తిడి మీద నీళ్లలో కరిగి ఉన్నది, ఒత్తిడి తగ్గగానే బయటికొచ్చింది. ఒకే వాయువు, ఒకే రకం బుడగలు, జాతులు వేరు.

వేడి: పాతకాలం బల్బులో తీగ వెలుగుతుంది, వేడెక్కుతుంది, స్విచ్ ఆపితే అదే తీగ. వెలుగూ వేడీ వచ్చినా కొత్త పదార్థమేదీ లేదు. సిమెంటులో నీళ్లు కలిపితే కూడా వేడి పుడుతుంది. పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మెల్లో ఆ వేడికి పగుళ్లు రాకుండా ఇంజనీర్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఇక్కడ వేడి నిజమైన సాక్షి. సిమెంటు నీటితో కలిసి కొత్త పదార్థమవుతున్నదనడానికి అది గుర్తు.

ఈ చివరి సంగతిని కాస్త దగ్గరగా చూడాలి. స్లాబ్ పోసిన మర్నాడు తాపీ మేస్త్రీ పైన మాలుతో చిన్న చిన్న కట్టలు కట్టి, మడుల్లా చేసి, నీళ్లు నింపుతాడు. ఇంటాయన ‘ఇంకా ఆరలేదా?’ అని అడుగుతాడు. ఆరితే బలం రాదు. సిమెంటు గట్టిపడేది నీరు ఆవిరైపోయి కాదు, నీరు దానిలో చేరిపోయి. పూర్తిగా గట్టిపడితే సిమెంటు బరువులో దాదాపు నాలుగో వంతు నీరు ఆ కొత్త పదార్థంలో భాగమైపోతుంది. ఆ నీటిని ఎండ లాగేసుకుంటే పని సగంలో ఆగిపోతుంది. ట్రైకాల్షియం సిలికేటు మొదటి రోజుల్లో చకచకా పనిచేస్తుంది, డైకాల్షియం సిలికేటు వారాల తరబడి నింపాదిగా పనిచేస్తుంది. సిమెంటు బలాన్ని 28 రోజులకు కొలిచే పద్ధతి అందుకే వచ్చింది. నీళ్ల అడుగున కూడా సిమెంటు బిగుస్తుందంటే కారణం ఇదే. బట్ట ఆరడం భౌతికం. సిమెంటు బిగియడం రసాయనం. రెండింటికీ ‘ఆరడం’ అనే వాడుతుంటాం కానీ, అలా నీళ్లు పట్టడం (క్యూరింగ్) మానేస్తే ఆ పొరబాటు ఖరీదు స్లాబ్ కడుతుంది.

తాత్కాలికం, శాశ్వతం, వెనక్కి మళ్లించడం

పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువ పేరున్న సాక్షి ఇది. ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే.

యాసంగి (రబీ) వడ్ల సంగతి చూడండి. ఎండలు ముదిరాక కోతకొచ్చిన గింజలో, పగటి వేడికీ తేమ హెచ్చుతగ్గులకీ లోపల సన్నని పగుళ్లు పడతాయి. మిల్లులో పట్టగానే అవి విరిగి నూకలవుతాయి. గింజ విరగడం పచ్చి భౌతిక మార్పు. నూకను మళ్లీ బియ్యం గింజగా అతికించగల మొనగాడు మాత్రం లేడు. భౌతికమైనంత మాత్రాన వెనక్కి రావాలని లేదు.

ఇప్పుడు రసాయన మార్పు వైపు. కాల్చిన సున్నంలో నీళ్లు పోసి, గోడకు వెల్ల వేస్తాం. ఆరిన గోడ మీద సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా పీల్చుకుని, నీటిని వదిలేసి, కాల్షియం కార్బొనేటవుతుంది. అంటే బట్టీలోకి వెళ్లిన రాయి ఏదో, గోడ మీద పలుచని పొరగా ఉన్నదీ అదే. రాయి సున్నమైంది, సున్నం తడి సున్నమైంది, తడి సున్నం మళ్లీ రాయైంది. మూడూ రసాయన మార్పులే, చివరికి బయల్దేరిన చోటికే చేరాం. శాశ్వతం అన్న మాటకు ఇక్కడ ఏం విలువ ఇవ్వాలి?

దీన్ని ఇలా తేల్చవచ్చు. వెనక్కి రావడం, రాకపోవడం అన్నది ఎంత శ్రమ, ఎంత శక్తి పెట్టగలం అన్నదాని మీద ఆధారపడే ప్రశ్న. పదార్థం మారిందా, లేదా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలిసినంత మాత్రాన రెండోదానికి జవాబు దొరకదు.

సాధారణంగా

నిర్వచనకర్త జాగ్రత్తంతా ఈ పదంలో దాగుంది. కచ్చితంగా చెప్పలేని కేసులు ఉన్నాయని ఆయనకు తెలుసు. అలాంటి కేసు ఒకటి మిర్యాలగూడ మిల్లుల్లో రోజూ నడుస్తుంది. అదే ఉప్పుడు బియ్యం.

వడ్లను వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టించి, డ్రయ్యర్‌లో ఆరబెట్టి, అప్పుడు మిల్లు పడతారు. ఆవిరి వేడికి గింజలోని పిండి పదార్థం నీరు పీల్చి ఉబ్బి, చల్లారాక గట్టిగా అతుక్కుంటుంది. పగుళ్లు పూడిపోతాయి, నూక తగ్గుతుంది. యాసంగి వడ్లకు ఈ పద్ధతే దిక్కు కావడానికి కారణం ఇది. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద తెలంగాణ రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య అంత వివాదం నడవడం వెనుక ఉన్నదీ ఈ పగుళ్ల సంగతే.

ఇంతకీ ఇది భౌతికమా, రసాయనమా? పిండి పదార్థపు అణువుల మధ్య ఉన్న బలహీనమైన పట్లు ఊడతాయి. అణువుల లోపలి గట్టి బంధాలు అలాగే ఉంటాయి. ఆ లెక్కన భౌతికం. కానీ వెనక్కి రాదు, పచ్చి గింజ తిరిగి దొరకదు. తవుడు వైపున్న బి1 విటమిన్ కొంత నీటితో పాటు గింజ లోపలికి చేరుతుంది. అది చోటు మారడమే. గింజకు పసుపు ఛాయ రావడంలో మాత్రం చక్కెరలు, మాంసకృత్తుల ముక్కలు కలిసి పుట్టించే కొత్త రంగు పదార్థాలకూ పాత్ర ఉంది. అది రసాయనం. ఒక్క డ్రమ్ములో ఇన్ని జరుగుతుంటే, ‘ఉడికించడం’ అని ఒకే పేరు పెట్టి ఒకే గడిలో రాయమంటే ఎలా? ఏ పని అన్నది కాకుండా, ఆ పనిలో ఏ భాగం అని అడిగితే ప్రతి భాగానికీ జవాబుంది.

తవుడు మాటొచ్చింది కాబట్టి ఇంకొక్కటి. పచ్చి బియ్యం తవుడు మిల్లు నుంచి బయటపడగానే అందులోని ఎంజైము నూనెను కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. చూపుకు తవుడు తవుడులాగే ఉంటుంది, లోపల నూనె చెడిపోతుంటుంది. అందుకే దాన్ని త్వరగా నూనె మిల్లుకు చేర్చాలి. ఉప్పుడు వడ్ల తవుడుకు ఆ తొందర తక్కువ, ఆవిరికి ఎంజైము ముందే పనిచేయకుండా పోయింది కాబట్టి.

విశేషం

ఈ తేడా తెలిస్తే ఒరిగేదేమిటి? మూడు చోట్ల ఉపయోగం చెప్పి ముగిస్తాను.

ఒకటి, గడ్డకట్టిన సిమెంటు బస్తా. గోడౌన్‌లో ఎత్తుగా పేర్చిన వరుసల అడుగున ఉన్న బస్తా బరువుకు నొక్కుకుని గట్టిపడుతుంది. అటూ ఇటూ దొర్లిస్తే మళ్లీ పొడవుతుంది, నిక్షేపంగా వాడుకోవచ్చు. అది భౌతికం. వానాకాలం తేమ తగిలి కట్టిన గడ్డ వేళ్ల మధ్య నలగదు. అందులో కొంత సిమెంటు అప్పటికే నీటితో కలిసిపోయింది. దంచి జల్లెడ పట్టినా పొడి వస్తుంది గానీ పోయిన బలం రాదు. రెండు గడ్డలనూ వేరు చేసే పరీక్ష బొటనవేలు, చూపుడువేలు.

రెండు, ఫ్లోరైడు నీళ్లు. 2016లో సూర్యాపేట జిల్లా విడివడక ముందు ఈ ప్రాంతమంతా నల్లగొండ జిల్లానే. ఫ్లోరైడుకు దేశంలోనే పేరుపడిన జిల్లా. కాచి తాగితే మంచిదన్న సలహా క్రిములకు పనిచేస్తుంది, ఫ్లోరైడుకు ఎదురు తిరుగుతుంది. కాచడం భౌతికం. నీరు ఆవిరై పోతుంది, కరిగి ఉన్న ఫ్లోరైడు గిన్నెలోనే మిగిలి గాఢమవుతుంది. దాన్ని తీయాలంటే రసాయనం కావాలి. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. పటిక నుంచి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టు ఫ్లోరైడును పట్టుకుని కిందికి దిగుతుంది. ఆ తర్వాత తేర్చడం, వడపోయడం మళ్లీ భౌతికమే.

మూడోది అన్నిటికన్నా పెద్దది. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడులో సుమారు 60 శాతం బొగ్గు నుంచి రాదు, రాతి నుంచే వస్తుంది. జోసెఫ్ బ్లాక్ తక్కెడలో తేలిన ఆ 44 పాళ్లు అవే. బొగ్గు బదులు ఇంకేదైనా మండించినా, మిల్లులకు సోలార్ కరెంటు వాడినా ఆ వాటా తగ్గదు, రాయి సున్నం కావాలంటే ఆ వాయువు పోవాల్సిందే. తగ్గించే దారి క్లింకర్ వాడకాన్నే తగ్గించడం. పోజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్, అంటే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలే బూడిద, కలపడానికి ప్రమాణాలు అనుమతిస్తాయి. దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, మిర్యాలగూడ బాయిలర్ల కింద ఊక బూడిద ఉంది. ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికానే. మరీ ఎక్కువ వేడికి పోనీయకుండా కాలిస్తే అది సున్నంతో చురుగ్గా కలుస్తుంది. మితిమీరి కాలిస్తే అదే సిలికా స్ఫటికాలు కట్టి మొండికేస్తుంది. సంఘటనం మారలేదు, అమరిక మారింది, అంతే. అయినా పనికొచ్చే సరుకు పనికిరాకుండా పోయింది.

కాబట్టి తీర్పు ‘కొత్త పదార్థం’దే అన్నప్పుడు దాని హద్దు కూడా గుర్తుంచుకోవాలి. ఆ పదం ఏ జాతి మార్పో చెబుతుంది. ఆ మార్పు మనకు లాభమో నష్టమో చెప్పదు. బస్తా కొనేటప్పుడు, నీళ్లు కాచేటప్పుడు, బూడిద కలిపేటప్పుడు జాతి తేల్చుకున్నాక ఆ రెండో ప్రశ్న విడిగా అడగాలి.